మూడు నిమిషాల ప్రార్థన

పోయిన వారం కథ చెబుతూ మా నిచ్చెనని హాలు మెట్ల మీద నిలబెట్టి ఆపేశాను. చాలామంది నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నాకేం కొత్త కాదు. కానీ ఆ పిల్ల ఆ మెట్ల మీద ఎందుకు ఆగిపోయిందో కొత్తవాళ్ళకి తెలియాలంటే వెనక సంగతి రెండు ముక్కలు చెప్పాలి. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నిచ్చెన మా అక్క కూతురు. పదిహేడేళ్ళకే గుమ్మానికి తల తగిలేంత పొడుగైంది. ఏడాదికి రెండుసార్లు దాని బట్టల అంచులు విప్పి దించలేక విసుగొచ్చి ఆ పేరు నేనే పెట్టాను. నేను దర్జీని. నా కొట్లో మిషనూ నేనూ పోను ఒక గుడ్డల మూటకి మాత్రం చోటుంటుంది. బడి వదలగానే వచ్చి ఆ మూట మీద కూర్చోవడం దానికి చిన్నప్పటినుంచీ అలవాటు. నాటకం అంటే దానికి ప్రాణం. అన్నం పెట్టకపోయినా ఊరుకుంటుంది, వేషం వెయ్యొద్దంటే ఊరుకోదు.

దాని నాన్న, అంటే మా బావ, ప్రార్థనా మందిరంలో పాటల పెద్ద. వారం వారం అందరికంటే ముందు నిలబడి పాట ఎత్తుకునేది ఆయనే. నాటకం చదువుతానని కూతురు అనేసరికి ఒంటికాలి మీద లేచాడు. నెల రోజులు ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. చివరికి ఒక్క మెట్టు దిగాడు. చేరితే విలువల కాలేజీలో చేరాలి, అక్కడ సీటు రాకపోతే నోరు మూసుకుని ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షల కోర్సు చదవాలి. ఆ కోర్సు ఫారం నింపేసి చొక్కా జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడు. నిచ్చెన ఆ మెట్ల మీద ఆగిన మర్నాటితో దానికి గడువు ఆఖరు.

విలువల కాలేజీకి పలకలేనంత పొడుగు పేరుంది, జనం మాత్రం ఇలాగే అంటారు. ఒక మత ట్రస్టు నడుపుతుంది. నాటకం, సంగీతం, నాట్యం నేర్పుతారు, భక్తి ఉన్న పిల్లల్నే తీసుకుంటారు. ఏటా వాళ్ళే ఊరూరా తిరిగి పిల్లల్ని ఎంచుకుంటారు. మా ఊళ్ళో ఒక బడి హాలు రెండు రోజులకి తీసుకున్నారు. మొదటి రోజు ఎనభైమంది వచ్చారు. తాళంచెవి ఎక్కడ పెట్టిందో మర్చిపోయి తన గుమ్మం ముందే కూర్చుండిపోయిన ముసలావిడగా నిచ్చెన చేసింది. వాళ్ళ నాటకం మాస్టారు మొదట పగలబడి నవ్వాడు, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎనభైలో పన్నెండుమంది మిగిలారు, అందులో ఇది ఒకతె.

రెండో రోజు మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. విలువల రౌండు అట. ఒక్కొక్కరూ వేదికెక్కి మైకు ముందు మూడు నిమిషాలు సొంత మాటల్లో ప్రార్థన చెయ్యాలి. యాభై మార్కులు. సగమైనా రాకపోతే మొదటి రోజు ఎంత బాగా చేసినా సీటు లేదు. ఆ కాగితం చదివి నిచ్చెన మెట్ల మీద ఆగిపోయింది. అక్కడే కదా మనం విడిపోయాం.

బావ మొహం మాత్రం వెలిగిపోయింది. మూడేళ్ళుగా ఈ పిల్ల మందిరంలో నోరు విప్పడం లేదు. అందరూ పాడుతుంటే పెదవులు బిగించుకుని నిలబడుతుంది. నాటకాల పిచ్చి పట్టి దేవుడంటే నామోషీ అయిపోయిందని ఆయన ఏడుపు. తను మూడేళ్ళుగా చేయించలేనిది ఈ కాలేజీ మూడు నిమిషాల్లో చేయిస్తుందని పక్కనున్నవాళ్ళతో కూడా చెప్పుకున్నాడు.

"పద, నీకు మంచినీళ్ళు తాగినంత తేలిక" అని కూతురి భుజం తట్టాడు.

అది నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. కొలతలు తప్పిన బట్ట నా చేతికిచ్చి ఇప్పుడేం చేస్తావు పిన్నీ అన్నట్టు చూసే చూపు. నేనేం చెప్పగలను? నేను దేవుడితో ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఆయనకీ పనుంటుంది, నాకూ పనుంటుంది. లోపలికెళ్ళి కూర్చుందాం, మిగతాది తర్వాత చూద్దాం అన్నాను. అక్కకి ఆ పూట డ్యూటీ పడింది, లేకపోతే నాకంటే మంచి మాటే చెప్పి ఉండేది.

హాల్లో పిల్లలు ముందు వరసలో, పెద్దవాళ్ళం వెనక. వేదిక మీద ఒక మైకు, దాని మీదికి రెండు లైట్లు, ఎదురుగా మూడుకాళ్ళ మీద ఒక కెమెరా. కింద ఆకుపచ్చ గుడ్డ కప్పిన బల్ల వెనక ముగ్గురు. ఒకరు నాటకం మాస్టారు. పై నుంచి రెండో గుండీ ఊడిపోయిన చొక్కా వేసుకున్నాడు, ఇంట్లో పట్టించుకునేవాళ్ళు ఉన్నట్టు లేరు. రెండో ఆవిడ ఎంపికలు చూసే మేడమ్. బూడిదరంగు కోటు, కుట్టు మాత్రం దివ్యంగా ఉంది, భుజం దగ్గర ఒక్క ముడత లేదు. ఆవిడ మాట కూడా అంతే. మూడో ఆయన ట్రస్టు పెద్దయ్య. ఎనభై దాటి ఉంటాయి. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనే అందరం అనుకున్నాం.

మొదట నీలంగౌను పిల్ల వెళ్ళింది. నాట్యం నేర్చుకోడానికి వచ్చింది, పిల్ల ముద్దుగానే ఉంది. వాళ్ళ నానమ్మ జబ్బు గురించి ప్రార్థన చేసింది. చెయ్యి పట్టుకో, నా చెయ్యి వదలకు అనే మాట దగ్గర గొంతు సన్నబడి ఎడమకంట్లోంచి ఒక్క చుక్క జారింది. వెనక కూర్చున్న ఆడవాళ్ళం ముక్కులు ఎగబీల్చాం. అబద్ధం ఎందుకు చెప్పాలి, నేనూ ఎగబీల్చాను.

అంతలో కెమెరా అతను చెయ్యెత్తాడు. మైకు సరిగా తగల్లేదట, మాటలు రికార్డు కాలేదట. మేడమ్ ఏమాత్రం కంగారు పడకుండా ఇంకోసారి చేసెయ్యమ్మా అంది. ఆ పిల్ల కూడా కంగారు పడలేదు. మొహం తుడుచుకుని, జుట్టు వెనక్కి తోసుకుని మళ్ళీ మొదలెట్టింది. అదే నానమ్మ, అదే జబ్బు. నా చెయ్యి వదలకు దగ్గరికొచ్చేసరికి అదే గొంతు, అదే ఎడమకన్ను, ఒక్కటే చుక్క.

నేను బావని మోచేత్తో పొడిచాను. భక్తి ఉన్నవాళ్ళకి ఎన్నిసార్లయినా కన్నీళ్ళొస్తాయి అన్నాడు.

"రెండుసార్లూ ఎడమకంటికే ఎందుకొచ్చాయి బావా?" అన్నాను.

నా ముందు కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగి, వాళ్ళ ఊళ్ళో ఈ రౌండు కోసం ఒక మాస్టారు క్లాసులు చెబుతాడని గుసగుసగా చెప్పింది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ కళ్ళు మూసుకోవాలి, చేతులు ఎంత ఎత్తాలి, అన్నీ నేర్పిస్తాడట. వాళ్ళబ్బాయినీ పంపిందట. నీలంగౌను పిల్లకి యాభైలో నలభై ఆరు వేశారు. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళకీ ముప్ఫైలు, నలభైలు పడ్డాయి. ఆరో పేరు మాది.

నిచ్చెన మెల్లగా వేదికెక్కింది. దాని పొడుగుకి మైకు అందక కెమెరా అతను వచ్చి పైకి జరిపి వెళ్ళాడు. మేడమ్ ముందున్న గడియారం మొదలైంది. పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. పావు నిమిషం, అర నిమిషం, నిమిషం. బావ పెదవులు కదులుతున్నాయి, తనే అందిస్తున్నట్టు. మొదలుపెట్టమ్మా అంది మేడమ్.

"నేను చెయ్యను మేడమ్."

చిన్నగానే అంది. మైకు ఉండబట్టి హాలంతా వినపడింది.

మేడమ్‌కి కోపం రాలేదు. భయపడుతోందనుకుంది పాపం. నీళ్ళు తాగి రా, కావాలంటే ఆఖర్న పిలుస్తాను అంది. నిచ్చెన తల అడ్డంగా ఊపింది. భయం కాదంది. అప్పుడు మేడమ్ ఓపిగ్గానే చెప్పింది. ఇదివరకు కొందరు వాళ్ళ కాలేజీలో చదువు నేర్చుకుని, గోడ దాటగానే నమ్మకాన్ని వెక్కిరించి నవ్వించే ఆటలు ఆడారట. అందుకని చేర్చుకునే ముందే మనిషి లోపల ఏముందో చూస్తున్నామంది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేం లేదు. ఆవిడ ఉద్యోగం ఆవిడది.

"లోపలున్నది చూడటానికేనా మేడమ్ ఈ లైట్లు?" అంది నిచ్చెన.

మాస్టారు తల పైకెత్తాడు. బావ కుర్చీలో కదిలాడు. మా ముందావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిన్న ముసలావిడగా ఏడ్చాను" అంది మా పిల్ల. "అది ఉత్తుత్తి ఏడుపని మీకు తెలుసు, నాకు తెలుసు. ఎవరూ మోసపోలేదు. ఇప్పుడు ఇక్కడ కళ్ళు మూసుకుంటే గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగితే మీకు ఏడుపొస్తుందో నాకు తెలిసిపోతుంది. నాకది చాలా బాగా వచ్చు మేడమ్. యాభైకి యాభై వేస్తారు. అందుకే చెయ్యను."

నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. మరుక్షణం సీటు గుర్తొచ్చింది. ఈ పిల్లకి ఎవరు చెప్పారు ఇలా మాట్లాడమని? మూడు నిమిషాలు ఏదో ఒకటి అనేస్తే నాలుగేళ్ళు దానికిష్టమైన చదువు. నోట్లోంచి నాలుగు మాటలు రాల్చడానికి ఇంత రాద్ధాంతమా అని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించాయి, దాచడమెందుకు.

మేడమ్ ఈసారి ఫైలు తెరిచింది. ప్రతి పిల్ల దరఖాస్తుతోపాటు మందిరం పెద్దల్లో ఒకరి ఉత్తరం జతచెయ్యాలి. మా దాంట్లో బావే రాశాడు, ఆయనా పెద్దల్లో ఒకడే కదా. ఆవిడ ఆ ఉత్తరం పైకి చదివింది. మూడేళ్ళ కిందట బావ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషను చేసి తీసేశారు. తీశాక మాట రాలేదు, పాట సంగతి సరేసరి. అప్పుడు పద్నాలుగేళ్ళ కూతురు మందిరంలో అందరి ముందూ నిలబడి ప్రార్థన చేసింది. మందిరమంతా ఏడ్చింది. ఆ ప్రార్థనతోనే నా గొంతు నాకు తిరిగొచ్చింది అని బావ గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఆ ఉత్తరం అంత బాగుందని కాలేజీ తమ పత్రికలో కూడా అచ్చేసింది. ఆ పత్రిక అన్ని మందిరాలకీ వెళ్తుంది.

"ఇంత ప్రార్థన చేసినదానివి, ఇప్పుడు చెయ్యనంటావేమిటి? ఇందులో రాసింది నిజం కాదా?" అంది మేడమ్.

నిచ్చెన వెనక వరసల్లోకి చూసింది. లైట్ల వెలుగులో వాళ్ళ నాన్న కనపడ్డాడో లేదో తెలియదు. చూపు మాత్రం ఆయన కూర్చున్న చోటే ఆగింది.

"ప్రార్థన చేసిన మాట నిజం. మొదటి రెండు ముక్కలూ దేవుడికే చెప్పాను. అప్పుడు ముందు వరసలో ఒకావిడ ముక్కు చీదింది. నాకు వినపడింది. వినపడ్డాక కావాలని ఆగాను మేడమ్. మనసులో నాలుగు లెక్కపెట్టి, గొంతు తగ్గించి, నాన్నా అన్నాను. అందరూ ఒక్కసారి ఏడ్చారు. అక్కడ మా నాన్నకి మాట లేదు, నేనేమో ఎంత బాగా చేశానో అని సంబరపడ్డాను. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి మళ్ళీ చేసి చూసుకున్నాను."

అది ఆగింది. ఈ ఆగడం లెక్కపెట్టి ఆగినది కాదు. నాకా తేడా తెలుసు, దాన్ని పెంచినదాన్ని.

"ఆ రోజు నుంచి ఎవరిముందూ చెయ్యను. మా పిన్ని కొట్లో కూర్చుని చేసుకుంటాను. మిషను ఆడుతుంటే ఎవరికీ వినపడదు."

మూడేళ్ళుగా ఆ గుడ్డల మూట మీద కూర్చుని పెదవులు కదుపుతుంటే నాటకం మాటలు వల్లె వేసుకుంటోందనుకున్నాను. ఒకటి రెండుసార్లు గట్టిగా చదువు, నేనూ వింటాను అని వేళాకోళం కూడా చేశాను. ఒకసారైతే దారం తెగి మిషను ఆపేసరికి టక్కున నోరు మూసుకుంది. దొంగమొహం పెట్టావేమే అన్నాను. ఛీ, నా నోరు పడిపోను.

బావ వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన మూడేళ్ళుగా ఎక్కడికెళ్ళినా చెప్పుకునేది ఆ ఒక్క సంగతే. పెళ్ళిలో చెప్పాడు, బస్సులో పక్కసీటువాడికి చెప్పాడు, కొత్తగా మందిరానికి వచ్చిన ప్రతివాడికీ పాట మొదలెట్టే ముందు చెప్పాడు. ఆ పిల్ల అదంతా వింటూ అక్కడే నిలబడి ఉండేది కదా. ప్రతిసారీ ఎంత నలిగిపోయి ఉంటుందో.

మేడమ్ కాగితం మీద సున్నా చుట్టింది. మాస్టారు ఆ కాగితం మీద చెయ్యి అడ్డంపెట్టాడు. ఇద్దరూ తగ్గు గొంతులతో వాదులాడుకున్నారు, మైకు దగ్గర్లోనే ఉండబట్టి అంతా వినపడింది. పిల్లలకి వేదిక మీద అబద్ధం ఆడొద్దని నేర్పడానికి తనకి రెండేళ్ళు పడుతుందనీ, ఈ పిల్ల అది నేర్చుకునే వచ్చిందనీ ఆయన అన్నాడు. నియమం అందరికీ ఒకటే అని ఆవిడంది. అలాగైతే ఇందాక ఒకే కన్నీటిని రెండుసార్లు కార్చినవాళ్ళకి మార్కులు వేసిన నియమం ఏదని ఆయన అడిగాడు. పాపం, ముందు వరసలో నీలంగౌను పిల్ల తల దించేసుకుంది. దాన్ని అనడం నాకు నచ్చలేదు. దానికి నేర్పినవాళ్ళని అడగాలి గానీ.

అప్పుడు పెద్దయ్య కళ్ళు తెరిచాడు. ఆయన నిద్రపోలేదని అప్పుడు తెలిసింది.

"ఉత్తరం రాసినాయన వచ్చారా?" అని అడిగాడు.

బావ లేచాడు. కుర్చీల మధ్యలోంచి నడుచుకుంటూ బల్ల దాకా వెళ్ళాడు. మందిరంలో పాటకి లేచేటప్పుడు ఉండే ఠీవి లేదు. నేను కుట్టిన చొక్కాయే ఒంటి మీద వేళ్ళాడుతోంది. ఇప్పుడు కూతురి మీద విరుచుకుపడతాడనుకున్నాను. అందరి ముందూ నా పరువు తీశావు అంటాడు, ఫారం తీసి దాని చేతిలో పెడతాడు, ఇక అయిపోయింది అనుకున్నాను. నేను కూడా లేచి నిలబడ్డాను, అవసరమైతే మధ్యలోకి వెళ్దామని.

ఆయన కూతురి వైపు చూడలేదు. పెద్దయ్యకి దణ్ణం పెట్టి, అమ్మాయి చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు, తనకే తెలుసు అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆపరేషను అయినప్పటినుంచీ ఎక్కువ మాట్లాడితే అక్కడ పట్టేస్తుంది.

"ఉత్తరంలో ఒక ముక్క నేను రాయలేదండీ. ఆపరేషను చేసిన డాక్టరు ముందే చెప్పాడు, ఆరు వారాలు మాట ఉండదు, తర్వాత దానంతటదే వస్తుందని. సరిగ్గా ఆరు వారాలకి వచ్చింది. ప్రార్థన చేసింది ఐదో వారంలో. నేను డాక్టరు మాట వదిలేసి మిగతాది రాశాను. మొదటిసారి ఎవరికో చెప్పినప్పుడు వాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోసారి కూడా అలాగే చెప్పాను. తర్వాత నాకే అలా జరిగిందని నమ్మకం వచ్చేసింది."

వేదిక మీద పిల్ల రెండు చేతులతోనూ మైకు కర్ర పట్టుకుంది. దానికి ఈ సంగతి తెలియదు. తన దొంగ ప్రార్థన విని కూడా దేవుడు పని చేసిపెట్టాడని మూడేళ్ళు సిగ్గుతో చచ్చిపోయింది పిచ్చిది.

నాకు తెలుసు. ఆ రోజు ఆస్పత్రిలో డాక్టరు చెబుతున్నప్పుడు మంచం పక్కన ఉన్నది నేనే. అక్క మందులు తేవడానికి కిందికి వెళ్ళింది. ఆరు వారాలు అన్న మాట నేనూ విన్నాను. తర్వాత బావ వేరేలా చెప్పుకుంటుంటే సంతోషంగా ఉన్నాడు కదా, మనకెందుకులే అని నోరు కుట్టేసుకున్నాను. కుట్లు వెయ్యడం నాకు బాగానే వచ్చు.

"నేనూ విన్నానండీ ఆ మాట" అన్నాను. అంత గట్టిగా అనాలనుకోలేదు. హాలంతా వెనక్కి తిరిగింది. మా అక్కచెల్లెళ్ళలో నాకు పొగరెక్కువని పేరుంది, ఆ క్షణాన అది ఎటుపోయిందో మరి. కూర్చోలేదు మాత్రం.

పెద్దయ్య మేడమ్ ముందున్న మార్కుల కాగితం తన వైపు లాక్కున్నాడు. ఈ పిల్ల మూడు నిమిషాల్లో ఏం చేసిందో నాకు తెలుసు, ఈ యాభై నేను వేస్తాను, ఆ విషయం నాకొదిలెయ్యండి అన్నాడు. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలాడు. నా గుండె ఒక్కసారి తేలికైంది, కానీ ఆయన మాట ఇంకా అయిపోలేదు. జేబులోంచి మడిచిన కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు.

పత్రికలో ఆ ఉత్తరం చూసి తనకి పదకొండుమంది రాశారట. మా ఇంట్లో వాళ్ళకి కూడా ఆ అమ్మాయితో ప్రార్థన చేయించండి అని. అందులో ఒకాయనకి బావకి లేచినట్టే గొంతులో గడ్డ. ఆపరేషను వాయిదా వేసుకుని ఆ పిల్ల కోసం ఎదురు చూస్తున్నాడట.

ఈ మాట విని బావ బల్ల అంచు పట్టుకున్నాడు.

"పత్రికలో దిద్దుబాటు నేను వేయిస్తాను" అన్నాడు పెద్దయ్య. "కానీ కాగితం చదివి నమ్మినవాళ్ళకంటే మీ నోట విని నమ్మినవాళ్ళు ఎక్కువ. ఈ వారం మీ మందిరంలో, పాట మొదలెట్టే ముందు, మీరే నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చెప్తానని మాటిస్తే అమ్మాయికి సీటు ఇస్తాను. ఆ ఉత్తరాన్ని అలాగే ఉంచి, దాని మీద పిల్లని చేర్చుకోలేను."

తప్పుగా ఏం అడిగాడు ఆయన? ఏమీ లేదు. కానీ మా మందిరం సంగతి నాకు తెలుసు. దేవుడి పేరు మీద లేని మాట కలిపి చెప్పినవాడు మళ్ళీ ముందు నిలబడలేడు. వెనకటి పాటల పెద్ద ఇంతకంటే చిన్న తప్పుకే ఆఖరి వరసలోకి వెళ్ళాడు, పోయేదాకా అక్కడే కూర్చున్నాడు. బావకి ఆ పాట తప్ప ఇంకేముంది? పగలంతా గోదాములో పెట్టెలు మోస్తాడు, అక్కడ ఆయన్ని ఎవరూ పలకరించరు. వారానికి ఆ ఒక్క పూటే నలుగురు ఆయన వైపు చూస్తారు.

"వద్దు."

"చెప్తాను."

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. వద్దన్నది వేదిక మీద నుంచి. చెప్తానన్నది బల్ల దగ్గర నుంచి.

అప్పుడు చూసుకున్నారు తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు. నిచ్చెన వేదిక అంచుకి వచ్చేసింది. లైట్లు దాని వీపు మీద పడి మొహం సరిగా కనపడటంలేదు. మా నాన్న పాట తీసేసుకుని నాకు సీటిస్తామంటే నాకక్కర్లేదు, రేపు రక్తం పరీక్షలే చేసుకుంటాను అంది. ఒక్క మాట తడబడలేదు.

బావ తల పైకెత్తి చూశాడు. ఆయన కంటే అది పొడుగు, పైగా వేదిక మీద ఉంది.

"ఈ గొంతు నాది. దీంతో ఏం చెప్పాలో, ఏం పాడాలో నువ్వు చెప్పకు" అన్నాడు.

"అయితే నా సీటు సంగతి నువ్వు చెప్పకు నాన్నా" అంది మా పిల్ల.

మేడమ్ ముందున్న గడియారం ఎప్పుడో ఆగిపోయింది. పెద్దయ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఎంపికైనవాళ్ళ జాబితా ఐదింటికి తలుపుకి అంటిస్తామనీ, అందులో ఆఖరి పేరు ఖాళీగా ఉంచుతాననీ, ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చి చెప్పాలనీ అన్నాడు. ఒక్క మాటకి రాకపోతే ఆ ఖాళీలో ఇంకొకరి పేరు రాస్తాడట.

అప్పటికి నాలుగూ పది అయింది.